గృహారోగ్య ప్రసంగము: కంతికి పుట్టినిల్లు

గుడివాడ ప్రాంతమునుండి ఒక సోదరి గతమాసమున వ్రాసిన జాబు నాయెదుట నున్నది. ఆమె యత్తగారికి మెడ ముందుభాగమున, గుటక వేసినపుడు పైకిని క్రిందికిని కదలు గడ్డ యొకటి బయలుదేరినదట. వైద్యునియొద్దకు తీసికొనిపోగా ఆయన ముందుగా, "ఇంతకు పూర్వము ఏ శస్త్రచికిత్సయైన జరిగినదా?" యని యడిగెనట. పదునొకండేండ్ల క్రిందట ఎడమ మూత్రపిండమును తీసివేసిరని చెప్పగా, ఆనాటి కాగితములన్నియు తెండని పంపివేసెనట. ఆ కాగితములు ఇల్లు మారినపుడు పోయినవి. "మెడమీది గడ్డకును నడుములోని మూత్రపిండమునకును ఏమి సంబంధము? లేని కాగితములకై మమ్ము త్రిప్పుటయేగాని వైద్యము మొదలుపెట్టరేమి?" యని యామె యడుగుచున్నది. ఆమె కోపమును నేను తప్పుపట్టను. కాని యా ప్రశ్న కోపముతో త్రోసివేయదగినది కాదు. ఈ మాసము దానినే విచారింతము.

శరీరమునకు కావలసిన రసములను తయారుచేయు అవయవములే గ్రంథులు. కొన్ని తమ రసమును సన్నని గొట్టములగుండ బయటికి పంపును. లాలాజలగ్రంథులు, కన్నీటిగ్రంథులు, పాలిచ్చు స్తనములు ఇట్టివి. కొన్నింటికి గొట్టములు లేవు. అవి తమ రసమును తిన్నగా రక్తమునందే కలుపును. మెడలోని థైరాయిడు, మూత్రపిండములపై టోపీలవలె కూర్చుండు అధివృక్కగ్రంథులు, స్త్రీల అండాశయములు ఈ తెగలోనివి. మన పెద్దలు రాచపుండనిన కాన్సరు వీనిలో దేనికైనను రావచ్చును. పైన చెప్పినవానిలో స్తనము, థైరాయిడు, అండాశయము తప్ప తక్కినవానియందది అరుదు. అరుదగుటయే చిక్కునకు కారణము. నిత్యము చూచు జబ్బును ఎవరైనను పోల్చుకొందురు; జీవితకాలమున నాలుగైదుమారులు మాత్రమే ఎదురుపడు జబ్బును పోల్చుకొనుట ఆరితేరిన వైద్యునికైనను కష్టమే.

గ్రంథిలో కనబడిన కంతి రెండువిధముల వచ్చియుండవచ్చును. ఆ గ్రంథి కణములే చెడి, అచటనే పుట్టి పెరిగినది యొకటి. మరియొక అవయవమున పుట్టిన కాన్సరునుండి కొన్ని కణములు విడివడి, రక్తముతోనో లసికతోనో కొట్టుకొనివచ్చి, ఈ గ్రంథిలో దిగి వృద్ధిచెందినది రెండవది. మొదటిదానిని మూలకంతియనియు, రెండవదానిని పిల్లకంతియనియు ఇచట వ్యవహరింతును. కంటికిని చేతికిని రెండును ఒక్కతీరుగనే తోచును. ఆడువారమైన మనకు ఈ భేదమును విడమరచి చెప్పనక్కరలేదు. దివిసీమ పిల్ల తెనాలి కోడలై ముప్పదియేండ్లు కాపురము చేసినను, ఆమె పెట్టు పులుసులో పుట్టినింటి రుచియే యుండును. కోపము వచ్చినపుడు నోట పుట్టినింటి మాటయే వెలువడును. పిల్లకంతి సంగతియు నిట్టిదే. స్తనమున పుట్టి ఊపిరితిత్తిలో దిగినది స్తనపు కాన్సరే. మూత్రపిండమున పుట్టి మెడలో దిగినది మూత్రపిండపు కాన్సరే. ఏ మందు పనిచేయునో పుట్టినింటినిబట్టి తెలియునుగాని మెట్టినింటినిబట్టి తెలియదు.

ఇట్లు కాన్సరు ఒకచోటినుండి మరియొకచోటికి ప్రయాణముచేయుటకు 1829లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు రెకామియే "మెటాస్టాసిస్" అను పేరును వాడెను. స్తనమున కాన్సరుగల యొక స్త్రీకి మెదడులోగూడ కంతి పుట్టుటను ఆయన గమనించెను. అరువదియేండ్ల పిమ్మట, 1889లో, లండనునందలి స్టీఫెన్ పేజెట్టు స్తనపు కాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల మరణానంతరపరీక్షల వివరములను ప్రోగుచేసి చూచెను. రక్తము ప్రతి యవయవమునకును పోవుచుండగా పిల్లకంతులు కాలేయమున తరచుగాను, ప్లీహమున బహు అరుదుగాను ఏల పుట్టవలెను? విత్తనము అన్నిదిక్కుల చల్లబడినను తనకు నచ్చిన నేలలోనే మొలకెత్తునని ఆయన సమాధానము. బీజమునకు ప్రాధాన్యమా, క్షేత్రమునకు ప్రాధాన్యమా యను చర్చ మనకు క్రొత్తది కాదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున సంతాన విషయమున నిదియే చర్చ నడచినది. మోపిదేవి చుట్టునున్న కాలువలలో గుర్రపుడెక్కను చూచినపుడెల్ల నాకు పేజెట్టు మాటయే స్ఫురించును. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన కాలువనీరు దానికి నచ్చినది. ఈనాటి పిల్లలు దానిని కలువవలె ఈ నేలదే యనుకొందురు.

సుశ్రుతసంహిత నిదానస్థానము పదునొకండవ అధ్యాయమున గ్రంథి, అపచి, అర్బుదము, గలగండము అనువానిని గూర్చి చెప్పబడినది. అర్బుదము గుండ్రముగా, కదలక, లోతైన మూలము కలిగి, మెల్లమెల్లగా పెరుగుననియు, పక్వమునకు రాదనియు సుశ్రుతుడు చెప్పెను. ముందు పుట్టినదానిపై మరియొకటి పుట్టినచో అధ్యర్బుదమనియు, రెండు ఒకేమారుగానో ఒకదానివెంట నొకటిగానో పుట్టినచో ద్విరర్బుదమనియు పేరులుంచి, ఇది యసాధ్యమని తీర్పు చెప్పెను. ఈ వాక్యములను చూపి, మెటాస్టాసిస్ అంతయు మనవారికి ముందే తెలియునని కొందరు చంకలు కొట్టుకొందురు. అది నాకు సమ్మతము కాదు. సుశ్రుతుడు రెండవ కంతిని చూచెను, దానిని అసాధ్యమనెను, అది యెచటినుండి వచ్చెనను ప్రశ్న వేయలేదు. సూక్ష్మదర్శిని లేని కాలమున ఆమాత్రము చూచుటయే గొప్ప. ఆ ప్రశ్న వేయుటచేతనే నేడు కొన్ని అసాధ్యములు సాధ్యములైనవి.

ఇక గుడివాడ సోదరి ప్రశ్నకు వత్తము. థైరాయిడునకు రక్తప్రసారము అధికము. ఐనను అచట పిల్లకంతులు కనబడుట అరుదు. కనబడినవానిలో ఎక్కువభాగము మూత్రపిండమునుండి వచ్చినవే. అవియు వెంటనే రావు. మూత్రపిండమును తీసివేసిన పదేండ్లకు, ఒక్కొకప్పుడు ఇరువదియేండ్లకు గూడ బయటపడుచుండును. అందుచేతనే యా వైద్యుడు పాత సంగతి యడిగెను. థైరాయిడునందే పుట్టిన కాన్సరులలో సాధారణమైన రకములకు శస్త్రచికిత్సానంతరము రేడియో అయొడిన్ ఇచ్చు పద్ధతి కలదు. థైరాయిడు కణములు అయొడిన్‌ను పీల్చుకొనును గనుక ఆ మందు మిగిలిన కణములను వెదకి చంపును. మూత్రపిండమున పుట్టిన కణమునకు అయొడిన్‌తో పనిలేదు. దానికా మందు నిచ్చిన రోగికి ఖర్చును బాధయు తప్ప ఫలము లేదు. పిల్లకంతి యది యొక్కటియే యని నిర్ధారణయైనచో, దానిని శస్త్రచికిత్సచే తీసివేసి చాలకాలము సుఖముగా జీవించినవారును కలరు. సోదరి భయపడి కూర్చుండవలదు. మెడగడ్డలలో అధికభాగము ఏ కాన్సరును కానివే. కాని తేల్చుకొననిదే చికిత్స మొదలుపెట్టగూడదని వైద్యుడాగినచో అది యాలస్యము కాదు.

తేల్చుట యెట్లు? గడ్డనుండి సూదితో కొన్ని కణములనో చిన్నముక్కనో తీసి, పలుచని పొరలుగా కోసి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూతురు. అనేకపర్యాయములు దీనితోనే తేలిపోవును. తేలనపుడు మరియొక అద్దకము వేయుదురు. పెడనలో కలంకారీ పని చూచినవారికిది తేలికగా బోధపడును. కరక్కాయనీటిలో తడిపి ఆరవేసిన గుడ్డమీద పటికనీటితో అచ్చుకొట్టుదురు. అప్పటికి ఎరుపు కనబడదు. గుడ్డను రంగుకాగులో ఉడికించినపుడు పటిక తగిలినచోటనే ఎరుపు పట్టును. ప్రయోగశాలలోను ఇట్టి యేర్పాటే కలదు. ఒక్కొక్క జాతి కణములో ఒక్కొక్క ప్రత్యేకమైన మాంసకృత్తుండును. ఆ మాంసకృత్తునకు మాత్రమే అంటుకొను పదార్థమును రంగుతో జతచేసి పొరపై వేయుదురు. అంటుకొనినచో గోధుమవన్నె దేలును, లేనిచో తేలదు. ఈ విద్యకు దారిచూపినవాడు అమెరికాదేశపు ఆల్బర్టు కూన్సు. ఆయన 1941లో అట్టి యంటుకొను పదార్థమునకు మెరయు రంగును మొట్టమొదట జతచేసెను.

థైరోగ్లోబ్యులిన్ అద్దకము పట్టినచో అది థైరాయిడు కణము. ఐనను ఒక్క యద్దకమును నమ్మి తీర్పు చెప్పరాదు. పాక్స్-8 అను మరియొక యద్దకము థైరాయిడునకును పట్టును, మూత్రపిండమునకును పట్టును, అండాశయమునకును పట్టును. టిటిఎఫ్-1 అనునది థైరాయిడునకును ఊపిరితిత్తికిని రెండింటికిని పట్టును. పెండ్లిసంబంధము మాటలాడునపుడు ఇంటిపేరు విని ఊరకుందుమా? గోత్రము, ఊరు, మేనమామలు ఎవరు అని అన్నియు అడుగుదుము గదా. పరీక్షకులును అట్లే నాలుగైదు అద్దకములు వేసి, స్కానులు చూచి, పాత చరిత్ర విని, అన్నియు కలిపి నిర్ణయింతురు. రిపోర్టు వచ్చుటకు వారము పట్టినదని విసుగుకొనువారు ఈ సంగతి తెలిసికొందురుగాక.

అధివృక్కగ్రంథి మాట వేరు. అచట పిల్లకంతులే తరచు. ఊపిరితిత్తి, స్తనము, మూత్రపిండము మున్నగువానినుండి వచ్చును. దాని పైపొరలో స్వయముగా పుట్టు కాన్సరు పది లక్షలమందిలో ఏడాదికి ఒకరిద్దరికి మాత్రమే వచ్చును. అది తరచుగా తన రసమునే యతిగా తయారుచేయుచు తన్ను తాను పట్టియిచ్చుకొనును. ముఖము గుండ్రమగుట, గడ్డముపై వెంట్రుకలు మొలచుట, నెలసరి నిలిచిపోవుట, రక్తపుపోటు పెరుగుట ఇట్టి గురుతులు. ఈ గురుతులను మనయింటి ఆడువారు వయసు దోషమనియో లావనియో త్రోసివేయుట కద్దు. వేరేదో జబ్బునకు స్కాను తీసినపుడు ఈ గ్రంథిలో కనబడు చిన్నగడ్డలలో ఎక్కువపాలు నిరపాయమైనవి యనియు తెలియవలెను. మరియొక హెచ్చరిక. ఈ గ్రంథి లోపొరలో పుట్టు ఒకజాతి కంతిని సూదితో గ్రుచ్చినంతనే రక్తపుపోటు ఆకాశమునంటి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున సూదికి ముందు రక్తమో మూత్రమో పరీక్షించి యా జాతి కాదని తేల్చుకొందురు. "సూది వేసి తేల్చివేయరాదా?" యని తొందరపెట్టుట ఇచట తగదు. చెవిక్రింది లాలాజలగ్రంథిలో గడ్డ కనబడినపుడు వైద్యుడు తలపై చర్మమును, చెవిని, బుగ్గను వెదకును. ఆ చర్మముపై పుట్టిన కాన్సరు ఈ గ్రంథిలోని లసికగ్రంథులకే చేరును గనుక.

స్త్రీలు ముఖ్యముగా తెలిసికొనవలసినది అండాశయముల సంగతి. 1896లో జర్మనీదేశపు యువవైద్యుడు ఫ్రీడ్రిష్ క్రుకెన్‌బర్గు అండాశయమున పుట్టు క్రొత్తరకపు కంతి యనుచు ఒకదానిని వర్ణించెను. సూక్ష్మదర్శినిలో దాని కణములు రాయి పొదిగిన ఉంగరములవలె నుండును. కణములోని జిగురు ఉబ్బి, దాని కేంద్రకమును ఒక యంచునకు నెట్టివేయుటచే ఆ యాకారము వచ్చును. వర్ణన సరియైనదే, పుట్టినిల్లు మాత్రము సరికాదు. ఆరేండ్ల పిమ్మట, 1902లో, ష్లాగెన్‌హౌఫరను వైద్యుడు అట్టి కంతులు అండాశయమునకు చుట్టములేగాని బిడ్డలు కావనియు, వానికి మూలము తరచు పొట్టయందే యనియు చూపెను. ఐనను నేటికిని ఆ కంతికి క్రుకెన్‌బర్గు పేరే నిలిచినది.

ఇందలి మోసము చూడుడు. పొట్టలోని మూలకంతి చిన్నదై, ఆకలి మందగించుట, రెండుముద్దలకే కడుపు నిండుట, త్రేన్పులు వంటి స్వల్పచిహ్నములతో నడచుచుండును. వానిని మనము లెక్కచేయము. వంటయింటి ఆడుది ఎపుడు సరిగా తినెను గనుక, తినలేదని యితరులు గమనించుటకు! అండాశయములందలి పిల్లకంతులు మాత్రము పెద్దవై, పొత్తికడుపు ఉబ్బి, మొట్టమొదట అవియే కనబడును. ఇవి తరచుగా రెండువైపుల నుండును. నలువదియైదేండ్ల లోపు స్త్రీలకు గూడ వచ్చును. అండాశయముననే పుట్టిన జిగురుకాన్సరు సాధారణముగా ఒకవైపుననే, చాల పెద్దదిగా పెరుగును. వైద్యులు అండాశయపు కంతిని చూడవచ్చినవారికి పొట్టలోనికి గొట్టము వేసి చూచుటయు, ప్రేగులు, స్తనములు పరీక్షించుటయు ఇందువలననే. "కడుపులో గడ్డయని వచ్చితిమి, నోట గొట్టమేల? రొమ్ము పరీక్షయేల?" యని కొందరు లేచిపోవుదురు. ఆ గొట్టముతో పొట్ట నిర్దోషియని తేలినచో అండాశయమునకు తగిన విస్తారమగు శస్త్రచికిత్సయు, దానికి తగిన మందులును ఇయ్యవచ్చును. పొట్టయే మూలమని తేలినచో మందులు వేరు, శస్త్రచికిత్స అవసరమా యను విచారము వేరు. స్తనమునుండి వచ్చినదని తేలినచో ఒక్కొకప్పుడు మాత్రలతోనే అదుపున నుంచవచ్చును.

సూక్ష్మదర్శిని గూడ ఓడిపోవు సందర్భము ఒకటి కలదు. అడినాయిడ్ సిస్టిక్ కాన్సరు అనునది లాలాజలగ్రంథులలోను, కన్నీటిగ్రంథిలోను, ఊపిరిగొట్టపు చిరుగ్రంథులలోను, స్తనములోను, స్త్రీల గుహ్యప్రదేశమునందలి బార్తొలిన్ గ్రంథిలోను పుట్టగలదు. ఎచట పుట్టినను రూపమొకటే. అద్దకములును ఇంచుమించుగా ఒకటే. అనేక కంతులలో కనబడు జన్యుమార్పుగూడ ఒకటే. ఇది మందగామి. నోటిలోని చిన్నగడ్డను తీసివేసిన పదేండ్లకో పదునైదేండ్లకో ఊపిరితిత్తులలో మచ్చలుగా తేలవచ్చును. ఆ మచ్చనుండి ముక్క తీసినవానికి, అది ఊపిరిగొట్టమున పుట్టినదా, మరియొకచోటినుండి వచ్చినదా యని ముక్కమాత్రము చెప్పజాలదు. "అంగిటిలో చిన్నకాయవంటిది తీయించుకొంటిని" అని రోగి చెప్పు ఒక్కమాటయే ప్రమాణము. ఆ మాట చెప్పువారు లేనిచో ఎంత పెద్ద యంత్రమైనను తడుముకొనవలసినదే. బార్తొలిన్ గ్రంథి విషయమున చిక్కు మరింత. నలువదియేండ్లు దాటినపిమ్మట అచట క్రొత్తగా పుట్టిన గట్టిగడ్డను సెగగడ్డయని పసుపు రాసి కప్పిపుచ్చక స్త్రీవైద్యురాలికి చూపవలెను. ఒకప్పుడు అచట గడ్డ తీయించుకొన్నచో, దానిని తరువాతి వైద్యునికి నోరువిప్పి చెప్పవలెను. సిగ్గుచే ఆ సంగతి కోడలికి గూడ చెప్పని పెద్దమ్మలను నేనెరుగుదును.

పిల్లకంతి యనినంతనే ఆశవదలుకొనువారికి మన తెలుగుబిడ్డ సంగతి యొకటి చెప్పవలెను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. సోదరులను స్ప్రూ అను జబ్బు బలిగొనగా, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి హార్వర్డునందును, 1940నుండి లెడర్లీ ప్రయోగశాలయందును పరిశోధన చేసిరి. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును, దానికి వ్యతిరేకముగా పనిచేయు మందులను తయారుచేసిరి. వానిలో నొకటి మెథోట్రెక్సేటు. 1948 ఆగస్టులో, యేబదిమూడేండ్లకే, ఆయన న్యూయార్కులో మరణించిరి. ఆ మందు ఏయే యిండ్ల దీపము నిలుపగలదో పూర్తిగ చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

మావి యొక గ్రంథియే, తొమ్మిదినెలల గ్రంథి. బిడ్డను నిలుపుటకు హెచ్.సి.జి. అను రసమును తల్లి రక్తములో కలుపును. గర్భపరీక్షలో చూచునది దీనినే. ప్రసవము పిమ్మటనో, గర్భస్రావము పిమ్మటనో, ముఖ్యముగా ముత్యాలగర్భము పిమ్మటనో ఆ మావి కణములు మిగిలి చెడినచో కోరియోకార్సినోమా యను అరుదైన కాన్సరు పుట్టును. అది గర్భాశయమున నిలువదు. శీఘ్రముగా ఊపిరితిత్తులకు పోవును. బాలింత దగ్గుచు రక్తము ఉమియును. ఛాయాపటములో తెల్లని ఉండలు కనబడును. క్షయ మెండుగానున్న మన దేశమున దీనిని క్షయయని భ్రమపడుట కవకాశము కలదు. ఊపిరితిత్తి కాన్సరని యనుకొన్నచో ఆశయే యుండదు. ముక్క తీయబోయిన రక్తము ఆగక ప్రమాదము. కాని రక్తములో హెచ్.సి.జి. చూచినంతనే పుట్టినిల్లు తెలియును. పూర్వము ఊపిరితిత్తులకు ప్రాకిన యీ జబ్బునుండి బ్రతికినవారు బహు అరుదు.

1956లో అమెరికాలోని బెథెస్డాయందు మిన్ చూ లీ, రాయ్ హెర్ట్‌జ్ అను వైద్యులు ఈ స్త్రీలకు మెథోట్రెక్సేటు నిచ్చి, ఊపిరితిత్తులలోని ఉండలు కరగిపోయెనని ప్రకటించిరి. లీ యంతటితో తృప్తిపడలేదు. ఛాయాపటము శుభ్రమైనను, హెచ్.సి.జి. జాడ ఉన్నంతకాలము మందు నిచ్చుచునే యుండెను. కంటికి కనబడని కంతికి విషమువంటి మందేమిటని పైవారు ఆక్షేపించి ఆయనను పనినుండి తొలగించిరి. ఆయన పట్టుదలతో కడవరకు మందు పుచ్చుకొన్న స్త్రీలే మరల జబ్బుపడక నిలిచిరని పిదప తెలియవచ్చెను. 1972లో ఆ యిద్దరికిని లాస్కరు బహుమానము లభించినది. శరీరమంతటను ప్రాకియు కేవలము మందుతో నయమైన గట్టి కాన్సరులలో ఇదియే మొదటిదని చెప్పుదురు. నేడు తగిన సమయమున గుర్తించినచో ఈ జబ్బు అధికసంఖ్యాకులకు నయమగును. అందు పలువురు మరల తల్లులైరి. ప్రసవమో స్రావమో అయిన తరువాత వారములకొలది రక్తస్రావము ఆగనిచో, దానికితోడు దగ్గు పట్టినచో, హెచ్.సి.జి. పరీక్ష చేయుమని అడుగుటకు వెనుదీయకుడు. ముత్యాలగర్భమును తీసివేసినవారు వైద్యులు చెప్పినంతకాలము ఆ పరీక్షను మానరాదు. "పోయినదిగదా, ఇంకను సూదులెందుకు?" అను అత్తగార్లకు ఈ పుట చదివి వినిపింపుడు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటును గూడ చూచుచున్నాము. ఒకప్పుడు రొమ్ము కాన్సరునకు చికిత్స పొందిన స్త్రీకి మెడలో క్రొత్తగడ్డ పుట్టినచో, "ప్రాకినది, ఇక నేమి చేయుదుము?" అని యింటివారు చేతులు ముడుచుకొని కూర్చుందురు. అది స్వయముగా థైరాయిడున పుట్టిన గడ్డయై, సులభముగా నయమగునదై యుండవచ్చును. పరీక్షింపక విధికి వదలుట న్యాయము కాదు. అన్ని పరీక్షలు చేసినను మూలము దొరకని కాన్సరులును కొన్ని కలవు. అప్పుడు వైద్యులు కణముల స్వభావమునుబట్టి మందు నిర్ణయింతురు. మూలము దొరకకపోవుట వారి యసమర్థత కాదు.

ఇక కాగితముల మాట. 1977 నవంబరు 19 ఉప్పెన చూచిన దివిసీమ ముసలివారు మాయూరిలో పెక్కుమంది నేటికిని పొలము పత్రములను రేకుపెట్టెలో పెట్టి అటకమీద భద్రపరతురు. ఎకరము పొలము పాసుపుస్తకము మూడుతరములు నిలుచును. ఇంటి యిల్లాలి శరీరమునుండి తీసిన కంతి రిపోర్టు మాత్రము మందులచీటీలతో కలిసి మరుసంవత్సరము పాతకాగితములవానికి పోవును. దానినిగూడ ఆ రేకుపెట్టెలోనే యుంచుడు. మన జిల్లావారు కాన్సరు వైద్యమునకు అడయారునకు పోయినవారు కలరు. చెల్లెలిని కాన్సరుచే పోగొట్టుకొన్న డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషిచే 1954లో వెలసిన ఆసుపత్రి అది. హైదరాబాదునందు 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రికిని, 2000లో ప్రారంభమైన బసవతారకము ఆసుపత్రికిని పోయినవారును కలరు. ఒక్క రోగి చరిత్ర మూడు పట్టణములలో చెదరియుండును. దానినంతటిని కలిపియుంచు చోటు ఇల్లొక్కటియే.

తీసిన గడ్డ యెంత చిన్నదైనను పరీక్షకు పంపుమని అడుగుడు. "ఏమియులేదు, కొవ్వుగడ్డ" యని చెప్పినను రిపోర్టు పుచ్చుకొనుడు. రోగితో వైద్యునియొద్దకు పోవు మగవారు అన్నింటికి "ఏమియు లేదండి" యని తామే సమాధానము చెప్పుచుందురు. భార్యకు పెండ్లికి ముందు జరిగిన చికిత్స వారికి తెలియకపోవచ్చును. తెలిసినను నలుగురిలో చెప్పుటకు మొగమోటము. కావున అరఠావు కాగితముపై మీ దస్తూరితో మీరే వ్రాసికొనుడు: ఏ సంవత్సరమున, ఏ యూరిలో, ఏ యవయవమునకు శస్త్రచికిత్స; ఎన్ని ప్రసవములు, ఎన్ని స్రావములు; పుట్టినింటివైపు ఎవరికి ఏ కాన్సరు. నోట చెప్పుటకు సిగ్గైనచో ఆ కాగితమును వైద్యుని చేతికిచ్చినను చాలును.

గుడివాడ సోదరికి ఒక మాట. కాగితములు పోయినంతమాత్రమున అంతయు పోలేదు. శస్త్రచికిత్సలో తీసిన ముక్కలను మైనపుదిమ్మలలో పొదిగి ప్రయోగశాలలవారు అనేక సంవత్సరములు దాచుదురు. పదునొకండేండ్ల నాటి దిమ్మ యింకను ఉండవచ్చును. దానినుండి నేడు క్రొత్తపొరలు కోసి, క్రొత్త యద్దకములు వేసి, మెడగడ్డ కణములతో ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవచ్చును. శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రి పేరు, రోగి పేరు, నెల, సంవత్సరము చెప్పి, ఆ దిమ్మను, గాజుపలకలను ఇప్పింపుమని వ్రాతమూలకముగా అడుగుడు. ఆనాటి డిశ్చార్జి చీటీయో బిల్లో మీ మామగారి పుస్తకములలో నెచటనైన దొరకునేమో వెదకుడు. రోగి యొక్క ఆసుపత్రి సంఖ్య దానిపై నుండును. ఆ సంఖ్య దొరికినచో వారి పాతపుస్తకములలో వెదకుట సులభమగును.